కాపలా మంచె కింద రేడియం: ఒక పాత గొట్టాల కేసు

పాలకొల్లు రోడ్డు మీద పాత ఇనుము కొట్టు నడిపే ఒకాయన రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. "మాస్టారూ, మన లారీని ఉక్కు మిల్లు గేటు దగ్గర ఆపేశారండి, గంట మోగిందంటండి, లోడులో ఏదో అణుబాంబు సరుకు ఉందంటున్నారండి, డ్రైవరు భయపడి లారీ దిగిపోయి దూరంగా నిలబడ్డాడండి" అని ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. లోడులో ఏముందంటే పాత గొట్టాలు, 40. డ్రైవరు భయపడక్కర్లేదని, లోడు ఎక్కడా దించకుండా లారీని నేరుగా కొట్టుకి తెచ్చేయమని, నేను వచ్చేదాకా ఎవరూ గ్రైండర్ పట్టుకోవద్దని చెప్పాను.

నేనెవరో రెండు ముక్కల్లో. 22 ఏళ్లు రియాక్టర్ల నీటి కెమిస్ట్రీ మీద పని చేశాను. గొట్టాల్లో పారే నీరు లోహాన్ని ఎలా తింటుంది, తిన్నదాన్ని ఎక్కడ కక్కుతుంది అన్నదే నా పని. ఇప్పుడు మా డెల్టాలోనే ఉండి, కాకినాడ వైపు ఫ్యాక్టరీల్లో మందం, మట్టం కొలిచే రేడియోధార్మిక గేజ్‌లకి సేఫ్టీ ఆఫీసర్‌గా చేస్తున్నాను, అందుకే రేడియేషన్ కొలిచే సర్వే మీటరు ఎప్పుడూ నా కారులోనే ఉంటుంది.

మిల్లు గేట్ల దగ్గర ఈ రేడియేషన్ డిటెక్టర్లు ఎందుకున్నాయో కొట్టాయనకి తెలియదు, "కొత్తగా మా ప్రాణానికి పెట్టారండి" అన్నాడు. 2008లో మన దేశం నుంచి వెళ్లిన స్టీలుతో ఫ్రాన్స్‌లో లిఫ్ట్ బటన్లు చేస్తే వాటిలో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం బయటపడింది. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో, ఒక యూనివర్సిటీ వేలంలో అమ్మేసిన పాత గామా యంత్రాన్ని విప్పితే ఒక మనిషి చనిపోయాడు, ఇంకొందరు ఆసుపత్రి పాలయ్యారు. తుక్కులో ఒక్క చిన్న ముక్క కలిస్తే కొలిమి మొత్తం పాడవుతుంది, అందుకని గేటు దగ్గరే ఆపుతారు. ఆ గేటు తన పని తాను చేసింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. కొట్టు బయట రోడ్డు మీద 0.09 మైక్రోసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత) గంటకి, అది మన ఒండ్రునేలకి మామూలే. గొట్టం గోడకి మీటరు ఆనిస్తే 1.1, కొన్నిటి మీద 0.8, ఒకదాని మీద 1.4. ఒక మీటరు దూరం జరిగితే చాలావరకు తగ్గిపోతోంది. అంటే ఎక్కడో ఒక మూల దాక్కున్న సోర్సు కాదు, గొట్టం పొడుగునా సమంగా పరుచుకుని ఉంది. ఇది తెలిశాక నాకు సగం టెన్షన్ పోయింది, ఎందుకంటే వెల్డింగ్ అతుకుల్ని పరీక్షించే యంత్రంలోంచి తప్పిపోయిన ఇరిడియం పెల్లెట్ లాంటిదైతే లెక్క వేరుగా ఉండేది.

మిల్లు వాళ్లు చెప్పి పంపిన అనుమానం ఏమిటంటే, ఇవి సముద్రపు ఒడ్డున పడి ఉన్న గొట్టాలు, నల్ల ఇసుక అంటుకుని ఉంటుంది అని. కొట్టిపారేయదగ్గ మాట కాదు. అంతర్వేది, నరసాపురం తీరంలో నల్ల ఇసుక ఉంది, అందులో మోనజైట్ ఉంటుంది, మోనజైట్‌లో థోరియం ఉంటుంది, మీటరు పట్టుకుని ఆ ఇసుక చారల మీద నడిస్తే అంకె పెరుగుతుంది. కానీ గొట్టాన్ని బయట నీళ్లతో కడిగించి తడి గుడ్డతో తుడిపించినా అంకె మారలేదు. గామా కిరణాల్ని వాటి శక్తిని బట్టి గీతలుగా విడదీసి చూపించే చేతి స్పెక్ట్రోమీటరు ఆనించి పది నిమిషాలు ఉంచాను. థోరియం ఇసుకైతే 2614 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల గీత కొట్టొచ్చినట్టు లేవాలి. అది ఉంది కానీ పొట్టిగా ఉంది, దానికన్నా ఎత్తుగా 609, 1764 గీతలు లేచాయి. అవి బిస్మత్-214వి, అంటే రేడియం-226 విరిగి పుట్టే సంతానం. సరుకు లోపల ఉంది, అది రేడియం.

అప్పుడు గొట్టం మూతి దగ్గర కూర్చున్నాను. ఇవి చమురు, గ్యాస్ బావుల్లో దించే ట్యూబింగ్, బయటి వ్యాసం 73 మిల్లీమీటర్లు, గోడ మందం ఐదున్నర మిల్లీమీటర్లు, రెండు చివర్లా మర ఉంటుంది. లోపల నున్నగా ఉండాల్సిన చోట బూడిద, గోధుమ రంగుల్లో పెంకు కట్టి ఉంది, దాదాపు నాలుగు మిల్లీమీటర్ల మందాన, తాటి మొద్దు నరికితే కనపడే వలయాల్లా పొరలు పొరలుగా. వేలితో తాకలేదు, గ్లవ్స్ వేసుకుని స్క్రూడ్రైవర్ మొనతో గీస్తే గోరంత పలుకు ఊడింది, ఆ పలుకుకి ఉండాల్సిన బరువు కన్నా ఎక్కువ బరువు చేతికి తెలిసింది. పల్చటి అభ్రకం కిటికీ ఉన్న ప్రోబ్‌ని మూతి దగ్గర పెడితే మీటరు గోల పెట్టింది. కొట్టాయన పద్దు పుస్తకంలోంచి ఒక కాగితం చింపించి మధ్యలో అడ్డం పెట్టాను, గోల బాగా తగ్గింది, కాగితం తీస్తే మళ్లీ మొదలు. కాగితానికి ఆగేది ఆల్ఫా, అంటే దూరం పోలేని బరువైన కణాలు. ఉక్కు గోడ దాటి బయటికి వచ్చేది గామా ఒక్కటే, కాబట్టి బయట నుంచి కొలిచేవాడికి లోపలి కథలో కొంతే తెలుస్తుంది. ఇది నేను ఎంతమందికి చెప్పినా తక్కువే.

మీటరు లేనివాళ్లకి కూడా పనికొచ్చే మూడు సంగతులు ఆ రోజు చూశాం. మొదటిది కాటా. మంచి గొట్టం తొమ్మిదిన్నర మీటర్లది 92 కిలోలు తూగాలి, ఇవి 120 దాకా తూగాయి. కొట్టాయన ఇనుము రేటుకి కొన్నది ఇనుమే కాదన్నమాట, గొట్టానికి 28 కిలోల రాయి కూడా కొన్నాడు! రెండోది మోత. మంచి గొట్టాన్ని సుత్తితో మెల్లగా తడితే ఖంగుమంటుంది, ఇవి దబ్ మన్నాయి. మూడోది యాసిడ్. బాత్రూమ్ కడిగే యాసిడ్ చుక్క ఆ పలుకు మీద వేస్తే బుసబుస పొంగలేదు. మనిళ్లలో గీజర్‌లో పేరుకునే సున్నం పొంగుతుంది, అది కాల్షియం కార్బొనేట్. తుప్పు కూడా పొంగదు నిజమే, కానీ గుల్లబారిన తుప్పు ఇంత బరువు ఉండదు. పొంగని, కరగని, చేతికి బరువు తెలిసే రాయి అంటే నాకు తట్టింది బేరియం సల్ఫేట్, బెరైట్. దాని సాంద్రత నీటికి నాలుగున్నర రెట్లు, ఇసుక రాయికన్నా చాలా ఎక్కువ.

రేడియం అందులోకి ఎలా వచ్చిందో చెప్పాలి, ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. భూమి లోపల రాతిలో యురేనియం, థోరియం కొద్దికొద్దిగా అన్ని చోట్లా ఉంటాయి. అవి రాతిని వదిలి కదలవు. కానీ వాటికి పుట్టే రేడియం, ఉప్పు ఎక్కువున్న లోతు నీటిలో కరిగి బయటికి వస్తుంది. చమురుతో, గ్యాస్‌తో పాటు ఆ ఉప్పు నీరు గొట్టంలో పైకి వస్తూ ఉంటే ఒత్తిడి తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, సల్ఫేట్ ఉన్న వేరే నీరు కలిసిందా ఇక చెప్పక్కర్లేదు, బేరియం ఉన్నపళంగా సల్ఫేట్‌గా గట్టిపడి గోడకి అంటుకుంటుంది. బెరైట్ లీటరు నీటిలో రెండున్నర మిల్లీగ్రాములకి మించి కరగదు. మెండలీవ్ పట్టికలో రేడియం సరిగ్గా బేరియం కింద గదిలో ఉంటుంది, పరిమాణంలో ఇంచుమించు సమానం, కాబట్టి స్ఫటికం పెరిగేటప్పుడు బేరియం కూర్చోవాల్సిన కుర్చీలో రేడియం కూర్చుంటుంది. ఒకసారి కూర్చుంటే లేవదు. రేడియం-226 సగం తగ్గడానికి 1600 ఏళ్లు. ఉత్తర సముద్రంలోని చమురు వేదికల మీద 1981లోనే ఇలాంటి పెంకు గుర్తించారు, అప్పటి నుంచి ఆ పరిశ్రమలో ఇది తెలిసిన సమస్యే. తెలియనిది మన తుక్కు కొట్లకి.

రియాక్టర్లో మేము చేసింది ఇదే యుద్ధం. మన ప్రెజరైజ్డ్ హెవీ వాటర్ రియాక్టర్లలో ప్రైమరీ గొట్టాలు, అంటే ఇంధనం వేడిని మోసే నీటి గొట్టాలు, కార్బన్ స్టీలువి, లోపల మాగ్నటైట్ అనే ఇనుప ఆక్సైడ్ పొర కడుతుంది, ఆ పొర ఉండడమే మంచిది, అదే లోహాన్ని కాపాడుతుంది. కానీ వాల్వుల గట్టి మిశ్రలోహాల నుంచి అరిగిన కోబాల్ట్, ఇంధనం ఉండే కోర్‌లోకి వెళ్లి న్యూట్రాన్ తగిలి కోబాల్ట్-60 అయి వచ్చి, మాగ్నటైట్ స్ఫటికంలో ఇనుము కూర్చోవాల్సిన కుర్చీలో కూర్చుంటుంది. మెయింటెనెన్స్ మనుషులకి తగిలే డోసులో పెద్ద వాటా దానిదే. అందుకే నీటి పీహెచ్‌ని లిథియంతో అదుపులో పెట్టడం, రేడియేషన్‌కి నీరు చీలి పుట్టే ఆక్సిజన్‌ని కరిగిన డ్యుటీరియంతో (బరువైన హైడ్రోజన్‌తో) అణచడం, ఎప్పటికప్పుడు పలుచని సిట్రిక్ యాసిడ్, ఈడీటీఏ లాంటివాటితో పొర కొంత కరిగించి అయాన్ ఎక్స్చేంజ్ రెసిన్‌లో పట్టేయడం. మాగ్నటైట్ కరుగుతుంది కాబట్టి మాకు ఆ దారి ఉంది. బెరైట్ అంత సులువుగా లొంగదు. కోబాల్ట్-60 అయిదేళ్ల మూడు నెలలకి సగమవుతుంది, రేడియం ముందు ఆ మాట అనడానికే లేదు. రెండు చోట్లా నీరు మోసుకొచ్చింది, స్ఫటికం పట్టుకుంది, గొట్టం గోడ దాచుకుంది. నాకు ఈ గొట్టాలు చూడగానే పాత స్నేహితుణ్ణి చూసినట్టనిపించిందంటే నమ్మండి.

సరే, అసలు ప్రశ్న అప్పుడు అడిగాను. మొత్తం లాటులో ఎన్ని గొట్టాలు? 54. లారీలో 40. మిగతా 14? కొట్టాయన తల గోక్కుని, 11 మలికిపురం అవతల ఒక రొయ్యల రైతు పట్టుకెళ్లాడని, రెండేళ్లు అయ్యిందని, మూడు ఎవరికో చిల్లరగా పోయాయని అన్నాడు. వెంటనే చించినాడ వంతెన దాటి అటు పోయాం.

రైతు పెద్దాయన, మర్యాదస్తుడు. "రండి బాబూ, ముందు కొబ్బరినీళ్లు తాగండి" అని కూర్చోబెట్టాడు. గొట్టాల్లో ఆరు ఏరేటర్ల మోటారు షెడ్డుకి స్తంభాలయ్యాయి, అక్కడ ఎవరూ ఎక్కువసేపు ఉండరు. మిగిలిన అయిదు చెరువు గట్టు మీద కాపలా మంచె అయ్యాయి. గొట్టాల్ని నరికి, సరుగుడు కాళ్ల మీద పక్కపక్కన పడుకోబెట్టి, పైన వెదురు తడిక, దాని మీద చాప. చాప మీద రోజూ రాత్రి ఒక కుర్రాడు పడుకుంటాడు, లంక ఊరివాడు, 19 ఏళ్లు. వీపుకి జానెడు కింద అయిదు గొట్టాలు.

తలదిండు దగ్గర మీటరు 0.45 చూపించింది. నేల సహజ అంకె 0.09 తీసేస్తే 0.36 మిగిలింది. రాత్రికి తొమ్మిది గంటలు, రెండు పంటలు కలిపి ఏడాదిలో 240 రాత్రులు కాపలా ఉంటుందని వాడే చెప్పాడు. గుణిస్తే ఏడాదికి 0.78 మిల్లీసీవర్ట్ (వెయ్యి మైక్రోలు ఒక మిల్లీ). సాధారణ ప్రజలకి అణు కార్యకలాపాల నుంచి రావచ్చని పెట్టుకున్న పరిమితి ఏడాదికి 1. ప్రకృతి నుంచి మనందరికీ వచ్చేది ప్రపంచ సగటున 2.4. రెండేళ్లకి వాడికి వచ్చింది ఒకటిన్నర పైచిలుకు.

నిజం చెప్పాలంటే నేను ముందు భయపడింది మంచె గురించి కాదు. గొట్టాలు నరికిన వెల్డర్ గురించి. కటింగ్ వీల్‌తో కోసి, బరువు తగ్గించడానికి సుత్తితో కొట్టి లోపలి పెంకు కొంత గట్టు మీద రాల్చానని, ఆ దుమ్ము ముక్కులోకి పోయి రెండు రోజులు దగ్గానని అతను చెప్పాడు. బయటి గామా కన్నా ఒంట్లోకి పోయిన ఆల్ఫా ప్రమాదం, అందులోనూ రేడియం కాల్షియం లాగే ఎముకలో చేరుతుంది, కాబట్టి కూర్చుని జాగ్రత్తగా లెక్క వేశాను. నాలుగు గంటల పని, ఘనపు మీటరు గాలికి 5 మిల్లీగ్రాముల సన్న దుమ్ము అనుకుంటే ఊపిరిలోకి పోయింది పాతిక మిల్లీగ్రాములు. తర్వాత ల్యాబు చెప్పిన అంకెలతో దాని డోసు పది మైక్రోసీవర్ట్‌ల చుట్టుపక్కల తేలింది. దుమ్ము అయిదు రెట్లనుకున్నా యాభై. అంటే మంచె మీద కుర్రాడికి ఏడాదికి తగిలినదానిలో పదిహేనో వంతు. దగ్గు వచ్చినవాడి గురించి అందరం కంగారు పడ్డాం, హాయిగా నిద్రపోయినవాడికి ఎక్కువ తగిలింది. రోజూ అదే పని చేసే వెల్డర్ అయితే లెక్క తలకిందులవుతుంది, అది వేరే కేసు.

వెల్డర్ని కాపాడిన ఇంకో సంగతి బెరైట్ మొండితనం. ఎక్స్‌రే తీసే ముందు కడుపు కనపడాలని బేరియం తాగిస్తారు చూడండి, అది ఇదే పదార్థం. బేరియం అయాన్‌గా విషం, కానీ సల్ఫేట్‌గా కడుపులో కరగదు, వచ్చిన దారినే పోతుంది. మింగిన పెంకు దుమ్ములోని రేడియం కూడా చాలావరకు ఆ స్ఫటికంలో కూర్చునే బయటికి పోతుంది.

ఇది విని రైతు, "అయితే ఆ రాలింది చెరువులోకి తోసేస్తే పోలా బాబూ, కరగదన్నారుగా" అన్నాడు. మంచి ప్రశ్న. చెరువు అడుగు మట్టి నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన వస్తే మీరు ఎందుకు భయపడతారని అడిగాను. రొయ్యలు చస్తాయండి అన్నాడు. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్. గాలి అందని మట్టిలో బ్యాక్టీరియా ఆక్సిజన్ బదులు సల్ఫేట్‌ని వాడుకుని దాన్ని పుట్టిస్తుంది. సల్ఫేట్ తరిగిపోతే బెరైట్ స్ఫటికం నిదానంగా కరగడం మొదలుపెడుతుంది, లోపల కూర్చున్న బేరియం, రేడియం బయటికి వస్తాయి. గట్టు మీద రాయిలా ఉండేది నల్ల మట్టిలో అలా ఉండదు. పెద్దాయనకి ఇంకో మాట చెప్పక్కర్లేకపోయింది, పార తనే తెచ్చాడు.

గట్టు మీద రాలిన చోట మీటరుతో గీత గీసి, మట్టిని నీళ్లు చల్లి తడిపి, నాలుగు అంగుళాల లోతున తీసి సంచుల్లో కట్టాం. తీశాక 0.11. మంచె గొట్టాల చివర్లకి తడి గుడ్డ కుక్కి ప్లాస్టిక్ మూతలు బిగించాం. షెడ్డు స్తంభాల్ని విప్పేటప్పుడు రెండు చోట్ల కొయ్యక తప్పలేదు, గ్రైండర్ వద్దని చేత్తో తిప్పే పైపు కట్టర్ వాడాం, దుమ్ము లేవదు, నీటి చుక్కలు పడుతూనే ఉండాలి, పని చేసిన ఇద్దరికీ ఎన్-95 మాస్కులు, చేతులు కడగనిదే బీడీ ముట్టకూడదు. గొట్టాలన్నీ కొట్టు వెనక తాళం వేసిన గదిలో ఒక్కోదానికి నంబరు రాసి పెట్టాం, దేశంలో అణు భద్రత చూసే ఏఈఆర్‌బీకి రాతపూర్వకంగా తెలియజేశాం.

పెంకు నమూనా ల్యాబుకి పంపాను. ఎండబెట్టి, పొడి చేసి, గాలి చొరకుండా మూసి నాలుగు వారాలు ఆగాలి. రేడియం నుంచి పుట్టే రాడాన్ వాయువు, సగం ఆయుష్షు 3.8 రోజులు, తప్పించుకోకుండా లోపలే ఉండి సంతానంతో సమతూకానికి రావాలి, లేకపోతే అంకె తక్కువ వస్తుంది. తొందరపెట్టే ఫోన్లు చాలా వచ్చాయి. ఆగాం. గ్రాముకి రేడియం-226 18 బెకరెల్ (సెకనుకి ఒక పరమాణువు విరిగితే ఒక బెకరెల్), థోరియం నుంచి పుట్టే ఇంకో రకం రేడియం, రేడియం-228, 7. సహజ పదార్థాల్ని అదుపు అక్కర్లేకుండా వదిలేయడానికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఐఏఈఏ పెట్టిన గీత గ్రాముకి 1. రిపోర్టులో నేను వెతికింది ఇంకో అంకె, థోరియం-228. పెంకు కట్టేటప్పుడు రేడియం మాత్రమే స్ఫటికంలోకి వస్తుంది, థోరియం రాదు. తర్వాత రేడియం-228 నుంచి థోరియం-228 కొలిచినట్టుగా పుడుతూ పెరుగుతుంది. థోరియం-228ని రేడియం-228తో భాగిస్తే 1.2 వచ్చింది, అంటే పెంకు కట్టి ఆరేడేళ్లు. నల్ల ఇసుకైతే రెండూ సమానంగా ఉండి, రేడియం-226 చాలా తక్కువ ఉండేది. ఆ ఆరేడేళ్ల లెక్కతో కొట్టాయన పాత పద్దులు తిరగేస్తే లాటు ఏ వేలంలో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో దొరికింది. మొదట అమ్మినవాళ్లు కొలిచి అమ్మాల్సింది, కొలవలేదు. ఇప్పుడు వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకున్నారు, కాగితాలు నడుస్తున్నాయి.

"కరిగించేస్తే పోదా మాస్టారూ" అని కొట్టాయన ఇప్పటికీ అడుగుతున్నాడు. కొలిమిలో రేడియం ఉక్కులో కలవదు, చిట్టెంలోకి పోతుంది. రేడియం సంతానంలోని సీసం-210, పొలోనియం-210 ఆవిరై పొగగొట్టం దుమ్ములో చేరతాయి. ఉక్కు శుభ్రంగా వస్తుంది, చిట్టెం ఎత్తేవాడికీ దుమ్ము సంచులు మార్చేవాడికీ తగులుతుంది. మాకొద్దని గేటు దగ్గర ఆపినవాళ్లది తప్పు కాదు.

కుర్రాడు అన్ని రోజులూ ఏమీ అడగలేదు. మంచె విప్పిన సాయంత్రం నేను కారెక్కుతుంటే పక్కకి వచ్చి, "ఏవండీ, నాకు పెళ్లయితే పిల్లలు పుడతారాండి?" అన్నాడు. కారు దిగి గట్టు మీద కూర్చున్నాను. మగవాళ్లకి తాత్కాలికంగానైనా సంతానానికి అడ్డు రావాలంటే ఒకేసారి వంద మిల్లీగ్రేలు, ఇక్కడ మిల్లీసీవర్ట్‌లనే అనుకో, తగలాలి, నీకు రెండేళ్లలో నిదానంగా వచ్చింది ఒకటిన్నర, ఒక ఛాతీ సీటీ స్కాన్‌లో ఇంతకు నాలుగు రెట్లు తగులుతుంది అని చెప్పాను. క్యాన్సర్ మాట కూడా దాచలేదు, లెక్క ప్రకారం పెరిగే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువ అన్నాను. "అంటే పుడతారండి" అన్నాడు. పుడతారురా అన్నాను. ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద తెలుగులో రాసి, నా పేరు, తేదీ వేసి వాడి చేతికిచ్చాను, రేపు ఎవరైనా ఏదైనా అంటే చూపించుకోవడానికి.

కొత్త మంచె మొత్తం సరుగుడు బాదులతో కట్టారు. తలదిండు దగ్గర 0.09.

చిల్లరగా పోయిన మూడింటిలో ఒకటి రాజోలు దగ్గర ఒక కొబ్బరి తోట గేటుకి స్తంభంగా దొరికింది, ఇంకొకటి పశువుల పాకలో దూలంగా ఉంది, రెండూ తెచ్చేశాం. మూడోది ఇంకా దొరకలేదు. 73 మిల్లీమీటర్ల గొట్టం, చివర్లకి మర, తడితే దబ్ మంటుంది, మీటరుకి పదమూడు కిలోలు తూగుతుంది. చూసినవాళ్లు కొయ్యకుండా, కొట్టకుండా ఒక్క మాట చెప్పండి, మీటరు తీసుకుని నేనే వస్తాను.